పిక్క మీద రెండు గీతలు

పదకొండేళ్ల వయసులో వరదలో ఉన్న నాగావళిని ఈదాను. వీపు మీద ఏడేళ్ల పిల్లవాణ్ణి వేసుకుని మరీ ఈదాను. యాభై ఏళ్లుగా ఇదే చెబుతూ వస్తున్నాను. మనవలు నమ్మారు, ఒకరిద్దరు వియ్యంకులు కూడా నమ్మారు. రాయబోతే మాత్రం చెయ్యి ఆగుతోంది. కాగితం మీద అబద్ధం పెడదామంటే, అక్షరాలు దిద్దించిన ఆయన గుర్తొస్తున్నారు.

అరవైల చివరి మాట. మా ఊరు ఏటి ఒడ్డునే, పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కేలోపు రాజాం సంతకు నడిచి చేరే దూరంలో ఉండేది. వరి ఉభాల రోజుల్లో పెద్దలంతా నాట్లు వేస్తూ మడుల్లో వంగి ఉండేవారు. పిల్లల్ని చూసే దిక్కు లేక మమ్మల్ని మాస్టారి అరుగు మీద సాయంత్రం ప్రైవేటుకు పెట్టేవారు. చదువు వస్తుందని కాదు, ఏట్లో పడకుండా ఉంటామని.

చిక్కల్లా బడి గంటకీ ప్రైవేటుకీ మధ్య ఉన్న ఖాళీతోనే. మాస్టారు ఇంటికి వెళ్లి, స్నానం చేసి, లాంతరు గ్లాసు తుడుచుకునేసరికి గంటన్నర పట్టేది. దానికి ఆయన ఒక పద్ధతి పెట్టారు. బడి వదిలే ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి కుడి పిక్క మీద పుస్తకాలు దిద్దే ఎర్రసిరాతో రెండు గీతలు గీసేవారు. ప్రైవేటులో కాళ్లు చాపించి చూసేవారు. గీతలు చెరిగితే ఏటికి వెళ్లినట్టే. చూరులోంచి బెత్తం దిగేది.

దానికి మందు నేను కనిపెట్టాను. కంపౌండరు పారేసిన ఇంజెక్షను సీసాలోకి మాస్టారి ఎర్రసిరా కొంచెం వంచుకున్నాను. తల తడవకుండా ఈదడం, ఒడ్డెక్కాక తుప్పల చాటున నిలబడడం, కొబ్బరీనెతో నేను అందరికీ గీతలు గీయడం. అచ్చం మాస్టారి గీతలే, అదే వంకర.

మా చిన్నాన్న కొడుకు, ఏడేళ్లవాడు, నా వెనకే తిరిగేవాడు. "నాను గీతలెట్టకండా కనబడ్డావంటే మేస్టారు తోలు ఒలిసేస్తార్రా" అని వాణ్ణి బెదిరించి ఉంచింది కూడా నేనే.

ఆ రోజు మా ఊళ్లో ఎండ. వాన పైన కొండల్లో ఎక్కడో పడింది. "ఒరే, నీల్లు ఎర్రబడతన్నాయిరా!" అని ఒకడు అరిచాడు. ఏటి నడుమ ఇసకదిబ్బ మీద ఆడుతున్నవాళ్లం అందరం ఒడ్డెక్కి, గబగబా గీతలు పెట్టుకుని పరిగెత్తాం. ఎంతమంది ఎక్కారో ఎవరూ చూసుకోలేదు.

లాంతరు వెలిగించాక చూస్తే నా పక్కచోటు ఖాళీ. అంతలోనే మోకాళ్ల దాకా బురదతో పిన్ని వచ్చింది.

"బాబూ, మా గుంటడు ఇంటికి రానేదు. ఇక్కడున్నాడేటి?"

"రాలేదమ్మా. ఒరే, కాళ్లు చాపండి."

ఎనిమిది కుడికాళ్లు చాచాం. మాస్టారు లాంతరు పట్టుకుని ఒక్కో పిక్కా చూశారు. అన్నిటి మీదా రెండేసి గీతలున్నాయి.

"ఏటికి ఎవరూ వెళ్లలేదమ్మా. వీళ్లు లేకుండా అంత చిన్నవాడు ఒక్కడూ వెళ్లడు. మామిడితోటల్లో వెతకమనండి."

పిన్ని మగవాళ్లను తోటల వైపు తీసుకుపోయింది. ఏరు వాళ్ల వెనక ఉండిపోయింది.

అప్పుడు నేను వెంటనే లేచి, తప్పు నాది అన్నాను. ఇదీ నేను చెప్పుకునే కథే. లేవలేదు. మేం బెదిరిపోకూడదని మాస్టారు ఎక్కాలు మొదలుపెట్టించారు. పదమూడో ఎక్కం అందరికంటే గట్టిగా చెప్పాను. ఆపితే ఏటి హోరు వినిపిస్తోంది మరి. పక్కవాడు తొడ మీద గిల్లాడు.

"సెప్పీరా."

"నువ్వు సెప్పు."

"సీసా నీదేరా!"

సీసా నా లాగు జేబులో తొడకి ఒత్తుకుంటోంది. బెత్తం భయం, నాన్న భయం. అన్నిటికంటే పెద్ద భయం, ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని. ఒక్కో ఎక్కం గడిచేకొద్దీ ఆ భయం పెరిగింది. పద్నాలుగు అయింది. పదిహేను అయింది. పదహారో ఎక్కం సగంలో ఆపేశాను. సీసా తీసి మాస్టారి ఒళ్లో పెట్టాను.

ఆయన దాన్ని లాంతరు ముందు పట్టుకుని చూశారు. తర్వాత నా పిక్క చూశారు. బెత్తం వైపు చెయ్యి వెళ్లలేదు.

"ఎక్కడ?"

"ఇసకదిబ్బ మీద."

పంచె ఎగ్గట్టి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తారు. వెనక నేను.

ఇంకా మసక వెలుతురుంది. ఏటి నడుమ దిబ్బ చాపంత మిగిలింది. దాని మీద మావాడు నెత్తిన చొక్కా పెట్టుకుని నిలబడ్డాడు. ఏరు దాటించే దోనె తాత అప్పటికే దోనె అక్కడికి చేర్చాడు. "నెగూ! నా మెడట్టుకో!" అని, లేచి రమ్మంటూ కేకలేస్తున్నాడు. వాడు రానంటున్నాడు. చివరికి తాత నడుం లోతు నీళ్లలోకి దిగి, వాణ్ణి వీపు మీద వేసుకుని దోనె ఎక్కించాడు. ఆ వీపు తాతది. నేను ఒడ్డున నిలబడి లాగు తడుపుకున్నాను. ఆ రోజు నేను మోసింది, అదీ ఇంటికి వెళ్లేటప్పుడు, వాడి చొక్కా ఒక్కటే.

"ఎవల గుంటడ్రా ఈడు?" అన్నాడు తాత ఒడ్డున దింపుతూ. "సచ్చిపోతావురా అంటే గీతలు, గీతలంటాడు!"

మావాడు వణుకుతూ నా దగ్గరికొచ్చి కుడికాలు చాచాడు. "అన్నియ్యా, బేగి గీతలెట్టు. మేస్టారొచ్చీసినారు."

మాస్టారు నా వెనకే ఉన్నారు. ఇసకలో గొంతుక్కూర్చుని, నా సీసా మూత తీసి, వాడి తడిపిక్క మీద వేలితో రెండు గీతలు గీశారు. గీతలు నిలవక మడమ దాకా కారిపోయాయి.

"ఎట్టీసినాన్రా. మరి బయ్యం నేదు" అన్నారు. ఆయన మాలాగా మాట్లాడగా విన్నది ఆ ఒక్కసారే.

మర్నాటి నుంచి గీతల్లేవు, ఖాళీ కూడా లేదు. గంట కొట్టగానే మమ్మల్ని వెంటబెట్టుకునే ఇంటికి నడిచేవారు. మేం అరుగు మీద ఉంటే, ఆయన నూతి దగ్గర నీళ్లు పోసుకుంటూ అక్కణ్ణించే ఎక్కాలు అడిగేవారు.

నాకు నలభై దెబ్బలు పడ్డాయని అందరికీ చెబుతుంటాను. ఒక్కటీ పడలేదు. అయితే ఆ తర్వాత ఆయన పదహారో ఎక్కం నన్నెప్పుడూ అడగలేదు. నా వంతు వస్తే పదిహేనుతో ఆపించి, పక్కవాణ్ణి అందుకోమనేవారు.