చెరువులో మందు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కందిపప్పులో రాళ్లు కనిపించకపోతే, వాటిని ఎక్కడ దాచావని కొట్టువాణ్ణి నిలదీసే రకాన్నని మావారు వెక్కిరించేవారు. ఎనభైల్లో, భద్రాచలం అడవి అంచున ఒక కరెంటు కేంద్రం ల్యాబులో కెమిస్టుగా ఉన్నప్పుడు ఆ గుణమే నాకు కూడు పెట్టింది. యంత్రాలను చల్లబరిచే రిజర్వాయరు నీళ్లను పరీక్షించడం నా పని.

వానాకాలంలో, వరసగా మబ్బు పట్టిన రోజుల్లో, ఒక పొద్దున చేపలన్నీ చచ్చి తేలాయి. సెక్యూరిటీవాళ్లు గేటు దగ్గర ఒక ముసలాయన్ని కూర్చోబెట్టారు. గూడెం నుంచి పాస్ మీద వచ్చి వల వేసుకునే మనిషి. వాగు మడుగుల్లో అడవికాయలు దంచి కలిపి, మత్తెక్కిన చేపల్ని పట్టడం అక్కడివాళ్లకు అలవాటే. ఇంకేం, పోలీసులకు కబురు వెళ్లింది. నేనూ అతన్నే అనుమానించాను.

"తాతా, నీళ్లలో మందు కలిపావా?"

"కలిపితే చేపలు ఎత్తుకపోనా అమ్మా? గిట్ల వదిలిపెట్టి మీకాడ కూసుంటనా?"

మాట బాగానే ఉంది. కానీ మాటల్ని నమ్మితే నేను నేనెందుకవుతాను? సీసాలో రిజర్వాయరు నీళ్లు పట్టి, ల్యాబు మందులు వేశాను. నీళ్లలో ప్రాణవాయువు ఉంటే అడుగున గోధుమరంగు మడ్డి దిగాలి. తెల్లగా దిగింది. చేపలు ఊపిరాడక చచ్చాయి. ఎండ లేక నీళ్లలోని నాచు పగలు ఇచ్చిన ప్రాణవాయువు తక్కువ, రాత్రి పీల్చుకున్నది ఎక్కువ.

మరి నాచుకు అంత తిండి పెట్టిందెవరు? చుట్టుపక్కల మిరపచేల నుంచి వానకు కొట్టుకొచ్చిన ఎరువేనని మా ఇంజినీరుగారు తేల్చేశారు. నాకు నమ్మకం కుదరక గట్టు వెంట నడిచాను. మా క్వార్టర్ల మురుగుకాలువ కలిసేచోట నాచు పెరుగులా గడ్డకట్టి ఉంది. పైన సబ్బు నురగ. ఆ నీళ్లు తెచ్చి ఫాస్ఫేటు పరీక్ష చేస్తే ముదురు నీలం తిరిగాయి. నాచుకు తిండి సబ్బుపొడిలోని ఫాస్ఫేటే. అందులో మా ఇంటి బట్టల నీళ్లూ ఉన్నాయి.

సీసాలు తీసుకెళ్లి ఇంజినీరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు.

"సరే, ముసలాయన్ని వదిలేయమనండి. కాలువ సంగతి తర్వాత చూద్దాం."

పోలీసులు రాకముందే వదిలేశారు. పొద్దుటి నుంచి గొంతు తడిసిందో లేదోనని అతన్ని ల్యాబులోకి పిలిచి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చాను. అతను గ్లాసును కిటికీ వెలుతురులోకి ఎత్తి చూశాడు. వాసన చూశాడు.

"ఇందుల మందేమన్న కలిపినరా అమ్మా?"

నాకు ఒళ్లు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది. గ్లాసు తీసుకుని సగం నేనే తాగి చూపించాను.

మిగతా సగం అతను ముట్టలేదు.