ఊఁ కొట్టే ఫ్యాను

సిద్దిపేటలో సారయ్య ఒప్పుకోనిది ఒక్కటే: చావు. మనుషుల చావుతో ఆయనకు పేచీ లేదు; అందరిలాగే పాడె వెంట నడిచేవాడు. కానీ టార్చిలైటు చచ్చిందనో, గంట చచ్చిందనో అన్నారా, ఇక మీ పని అయినట్టే.

“సచ్చుడేంది? అలిగింది,” అనేవాడు దాన్ని చెవికి ఆనించుకుని.

“కొత్తది కొనుక్కుంటలే సారయ్యా.”

“రేపు నీకు జరమొస్తె మీ ఇంటోళ్లు కొత్త మనిషిని కొనుక్కొస్తరా?”

బాగుచేయడం వచ్చా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. కాకపోతే ఆయన చేతిలో పడి లేచిన సామాను మునుపటిలా ఉండేది కాదు. వకీలు మధుసూదన్ వాకిట్లో బ్యాటరీ గంట దీపాలు పెట్టే వేళకు దానంతట అదే మోగేది. తలుపు తీస్తే ఎవరూ ఉండేవారు కాదు. వకీలు లబోదిబోమంటే, “ఎవలో వచ్చిపోతున్నరు సారూ. మర్యాదకు లోపలికి రమ్మనరాదుండ్రి?” అన్నాడు సారయ్య. ఆ తర్వాత వకీలు సాయంత్రాలు కచేరీలోనే గడిపాడు.

యాదలక్ష్మి కాపురానికి వచ్చిన ఇంట్లో అయితే ఫ్యాను ఏకంగా మాట్లాడేది. వాళ్లకు వడ్లు ఆడించే గిర్ని ఉంది. ఇంజనుకు డైనమో కట్టి ఇంట్లోకి కరెంటు లాగారు. ముందు గదిలోని బల్లఫ్యాను మామ భూపతి కొన్నది. భార్య రాధమ్మ ఏం చెప్పినా “ఊఁ” అనడం తప్ప రెండో మాట ఎరగని మనిషి ఆయన. ఆయన పోయి ఏడాది తిరక్కుండానే ఆ ఊఁ ఫ్యానుకు వచ్చింది. అటు చివరిదాకా తిరిగి, ఒక్క క్షణం ఆగి, లోపలెక్కడి నుంచో “ఊఁ” అని మళ్లీ ఇటు తిరిగేది.

ఒక సాయంత్రం యాదలక్ష్మి గడప అవతల నిలబడి వింది.

“కోడలు పెందలాడ లేస్తలేదు, ఇంటున్నరా?” అంటోంది అత్త.

“ఊఁ.”

“అంటె మనసు కష్టపెట్టుకుంటది. ఊకుందమా?”

“ఊఁ.”

యాదలక్ష్మి చేతిలో చెంబు జారిపడింది. బతికుండగా పల్లెత్తు మాట అనని మామ, పోయాక తన మీద చాడీలు వింటున్నాడు! అప్పటినుంచి ఆ గదిలోకి వెళ్లాలంటే తల మీద కొంగు కప్పుకుని, గోడ పక్క నుంచి నడిచేది. భయంతో సరిగా అన్నం కూడా తినేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పట్నంలో కొత్త ఫ్యాన్లు దిగిన రోజులవి. “కొత్తది తెస్తా. దీన్ని పాత ఇనుములకు ఏస్తా,” అన్నాడు భర్త ప్రభాకర్.

“మీ బాపు ఒక్కపారి పోయిండు, సాలదా?” అంది రాధమ్మ. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

ప్రభాకర్ మెత్తబడి, ఆ మూలుగు ఒక్కటి మాన్పించమని సారయ్యకు అప్పగించాడు. సారయ్య తీసుకుపోయాడు, తెచ్చాడు: ఊఁ. మళ్లీ తీసుకుపోయాడు, తెచ్చాడు: ఊఁ. బజారంతా నవ్వింది.

“చేతగాదని ఒప్పుకో,” అన్నాడు ప్రభాకర్.

“చేతగాదు దొరా,” అన్నాడు సారయ్య తలవంచుకుని. “గాని పారేయకుండ్రి. పానమున్నది. ఇంకొక్కపారి చూస్త.”

“రేపు పొద్దుగాల్ల పట్నం బస్సెక్కుతున్న. గప్పటిదాకనే.”

ఆ పొద్దు గూకే వేళ యాదలక్ష్మి గిర్ని వెనక సారయ్య కొట్టుకు వెళ్లింది, ఎలాగైనా ఆ గొంతు మాన్పించమని కాళ్లావేళ్లా పడదామని. లోపల మసక చీకటి. రెక్కల్లేని మోటారు ఒకటి తనంతట తాను గిరగిరా తిరుగుతోంది. ఏ స్టేషనూ పలకని రేడియో ఎవరితోనో గుసగుసలాడుతోంది. వాటి మధ్య మామగారి ఫ్యాను, చప్పుడన్నది లేకుండా, అటూ ఇటూ చూస్తోంది.

హమ్మయ్య అనుకునేలోపే సారయ్య దాన్ని ఆపాడు. వెనక డొప్ప విప్పి, నూనె గుడ్డతో తుడిచేసి, లోపల రేకుముక్క ఒకటి ఇరికించి మళ్లీ తిప్పాడు.

“ఊఁ.”

“గిప్పుడు మంచిగున్నవ్,” అన్నాడు.

“సారయ్యా! గిది నువ్వు చేస్తున్నవా?”

సారయ్య ఉలిక్కిపడి తిరిగాడు. “మొదట్ల దానికే వచ్చిందమ్మా. నేను నూనె ఏసి మాన్పిన. తెచ్చిపెట్టిన నాడు మీరెవ్వరు లేరు. పెద్ద దొరసాని ‘ఇంటున్నరా’ అన్నది. సప్పుడు లేదు. మల్ల అన్నది. గా మొఖం నేను చూసిన తల్లీ. ఇంకేదో తక్లీఫున్నదని చెప్పి ఎత్తుకొచ్చి, ఊఁ మల్ల పెట్టిన.”

“ఊరంత నిన్ను చేతగానోడంటుంటే?”

“అననీ. అంటె సచ్చిపోతనా?”

యాదలక్ష్మికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్లూ తను భయపడింది ఒక ముసలామె ఒంటరితనం చూసి!

పొద్దున్నే సారయ్య ఫ్యాను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రభాకర్ కోటు తొడుక్కుని నిలబడ్డాడు.

“బాగైందా?”

“కాలే దొరా.”

“అయితే పోతున్న.”

“జర ఆగుండ్రి,” అంది యాదలక్ష్మి. గదికి అడ్డంగా నడిచి అత్త పక్కన కూర్చుంది. ఫ్యాను వైపు తిరిగి, “మామా, కొత్త ఫ్యాను తెమ్మంటరా?” అని అడిగింది.

ఫ్యాను అటు చివరిదాకా తిరిగింది. ఆగింది. కిక్కురుమనకుండా వెనక్కి తిరిగింది.

అందరూ సారయ్య వైపు చూశారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. “నూనె ఏయలే. నీ మీదొట్టు దొరా, నేనేం చేయలే,” అన్నాడు.

రాధమ్మ ఒక్కతే తాపీగా, “వద్దంటున్నరు. గంతే గదా?” అంది.

“ఊఁ,” అంది ఫ్యాను.

ప్రభాకర్ కోటు విప్పి, ఫ్యానుకు కాస్త దూరంగా ఉన్న కొక్కేనికి తగిలించాడు.