మా నాన్న తట్టి చూసిన కంప్యూటర్

మా చిన్నతనంలో మా ఇంటి కంప్యూటర్ అమ్మ పాత చీర ముక్క ముసుగేసుకుని కూర్చునేది... దుమ్ము పడరాదని అమ్మ ఉత్తర్వు. ఆ ముసుగు తీసే అధికారం అక్కకు మాత్రమే ఉండేది. నాది పరిశీలకుడి హోదా.

అక్క డిగ్రీ చదువుతూ ఇంట్లోనే పెళ్ళి కార్డులు డిజైన్ చేసేది. అనకాపల్లిలోని ఒక ప్రెస్సు ఆమెకు పని ఇచ్చేది. వధూవరుల పేర్ల వెనక గులాబీల బొమ్మ పెట్టగానే మా కంప్యూటర్ నిశ్చల స్థితికి చేరుకునేది... ఆ గులాబీలు తెర మీద విచ్చుకునేలోగా అమ్మ పప్పుకు తాలింపు పెట్టి, అందరికీ వడ్డించి, గిన్నెలు కూడా కడిగేది.

శ్రావణమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఈసారి కార్డులు ఆలస్యమైతే పని మరొకరికి అప్పగిస్తానని ప్రెస్సు యజమాని తెలియజేశాడు. ఆ పని పోతే అక్కకు మిగిలేవి డిగ్రీ పుస్తకాలు, మేనత్త తెచ్చే సంబంధాలు. తన మొదటి పెద్ద ఆర్డరు తన పెళ్ళి కార్డే కాకూడదని అక్క అభిప్రాయం.

అందుచేత కంప్యూటర్ అభివృద్ధి విషయమై ఇంట్లో సమావేశం జరిగింది. కొత్తది కొనే ప్రసక్తి లేదని, ఏదైనా ఒక్క భాగం మార్చుకోవచ్చని నాన్న ప్రకటించారు. అక్క ర్యామ్ అడిగింది. అది వేస్తే బొమ్మలు ఆగకుండా తెరుచుకుంటాయని వివరించింది.

సబ్బవరం నుంచి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఈ సమావేశానికి ప్రత్యేకంగా విచ్చేశాడు. ఒకప్పుడు టేప్‌రికార్డర్ విప్పి తిరిగి బిగించిన అనుభవంతో ఆయన మా కుటుంబ సాంకేతిక సలహాదారు. బిగించాక మిగిలిపోయిన స్క్రూల ప్రస్తావన ఎవరూ తీసుకురాలేదు. ఆయన రంగు లైట్ల ఫ్యాన్లున్న కొత్త క్యాబినెట్‌ను, అంటే కంప్యూటర్ పైపెట్టెను, సిఫారసు చేశాడు.

"బావా, లోపల ఉక్కకి దాని బుర్ర పని సేత్తం లేదు. గాలాడితే అదే పరిగెడతాది."

నిర్ణయాధికారం నాన్నది. ఆయన బెల్లం మార్కెట్లో రకం నిర్ణయించే మనిషి. దిమ్మను రెండు చేతులా ఎత్తి బరువు చూసేవారు. తరువాత వేలి కణుపులతో తట్టి వినేవారు. బరువుండి కూడా సరిగ్గా మోగకపోతే తడి సరుకని పక్కన పెట్టించేవారు. అంతా అయ్యాక "నాను సూసేను" అనేవారు. ఆ మాట పడ్డాక ఆ దిమ్మను మరొకరు ముట్టకూడదు... అది అక్కడి మర్యాద.

మా ఇంట్లోకి వచ్చే కుక్కరుకూ గొడుగుకూ కూడా ఈ పరీక్ష తప్పేది కాదు. ప్రోగ్రెస్ కార్డు విషయంలో మాత్రం కార్డును వదిలి నన్ను తట్టేవారు.

ఒక ఆదివారం నలుగురం కంప్యూటర్ షాపుకు వెళ్ళాం. షాపతను ర్యామ్ తీసి నాన్న అరచేతిలో పెట్టాడు. నాన్న చేతిని పైకీ కిందికీ ఆడించారు... బరువేమీ తగల్లేదు.

"ఇదేటి, ఇరిగిపోయిన దువ్వెన ముక్కలాగుంది" అని, దాన్ని మర్యాదగా బల్ల మీద పెట్టేశారు.

అంతలో మామ క్యాబినెట్ వైపు దారి చూపించాడు. నీలం లైట్లు వెలిగాయి. నాన్న దాన్ని రెండు చేతులా ఎత్తారు. ఆయన ముఖంలో చాలాకాలం తరువాత పూర్తి సంతృప్తి కనిపించింది. "ఇదీ సరుకంటే" అన్నారు. మామ అప్పటికే బయటికి వెళ్ళి ఆటో మాట్లాడేశాడు. షాపతను ప్యాకింగుకు తాడు తీశాడు.

అప్పుడు అక్క నాన్న పక్కకు వచ్చింది.

"నాన్నా, మార్కెట్లో బరువైన దిమ్మ వత్తే, బరువు సూసి ఊరుకుంటావేటి?"

"ఎందుకూరుకుంటాను? తట్టి సూత్తాను."

"మరి దీన్ని తట్టవేటి?"

నాన్న క్యాబినెట్‌ను కణుపులతో తట్టారు. ఖాళీ నూనె డబ్బా చప్పుడు వచ్చింది... చెవి ఆనించి ఇంకోసారి తట్టారు. అదే చప్పుడు.

"ఇందులో ఏటీ లేదు బామ్మర్దీ. ఒట్టి డొల్ల" అన్నారు మామతో. లైట్లున్నాయి కదా అని మామ మనవి చేశాడు. ఆ మనవి పరిశీలనకు నోచుకోలేదు.

నాన్న మళ్ళీ ర్యామ్ దగ్గరికి వచ్చారు. గోటితో తట్టారు... మోగలేదు. వాసన చూశారు. ఆయన దగ్గరున్న పరీక్షలన్నీ అయిపోయాయి.

"దీని రకం ఎవలికి తెలుత్తాది?" అన్నారు.

అక్క ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, దాని మీద రాసి ఉన్నది చదివింది.

"నాను సూసేను నాన్నా."

నాన్న చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇంటికి వచ్చేదాకా దాన్ని మళ్ళీ ముట్టలేదు. మామ మాట్లాడిన ఆటోలో ఆ దువ్వెన ముక్కను అక్క ఒళ్ళో పెట్టుకుని అందరం వచ్చాం.

శ్రావణమాసం కార్డులు వేళకే వెళ్ళాయి. తాలింపు చిటపటలాడేలోగా గులాబీలు విచ్చుకున్నాయని అమ్మ ధ్రువీకరించింది. తన పెళ్ళి కార్డు అక్క తరువాతెప్పుడో డిజైన్ చేసుకుంది... మిగతావాళ్ళ కార్డుల నుంచి తీరిక దొరికిన ఏడాది.

ఇప్పుడు మా అమ్మాయి కోసం ఇంట్లోని కంప్యూటర్‌కు భాగాలు ఎంచుకుంటున్నాను. షాపుకు పోనక్కర్లేదు. ఫోన్లోనే ముక్కు మొహం తెలియని వేలమంది ప్రతి ముక్కకూ నక్షత్రాలిచ్చి పెట్టారు. ఒకే వస్తువును ఒకరు అద్భుతమన్నారు, ఇంకొకరు కొనవద్దన్నారు. వారం రోజులు చదివాను... చదివినకొద్దీ అనుమానాలు మాత్రమే అభివృద్ధి చెందాయి.

చివరికి అక్కకు ఫోటో పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది.

"నాను సూసేనురా. తీసుకో."

మిగతా పేజీలన్నీ మూసేశాను...

ఇన్ని నక్షత్రాల మధ్య అలాంటి ఒక్క మాట దొరకడమే కష్టమైపోయింది. మీ ఇంట్లో ఎవరు చూశాక మరొకరు ముట్టేవారు కాదో, వీలైతే కింద తెలియజేయగలరు.