కంచె దాటిన అడవి వెల్లుల్లి

కోపెన్‌హాగన్ శివారులోని తన తోట గేటు దాటే ముందు విబెకె ప్రతిసారీ ఆగి, చాకుతో బూట్ల అడుగున మట్టి గీకుతుంది. అడవి వెల్లుల్లి గడ్డ ఒక్కటి అంటుకుపోయినా చాలు, పక్క తోటను ఆక్రమించేస్తుంది. ముప్పై ఏళ్లలో తన వెల్లుల్లి కంచె దాటలేదని ఆమె గర్వం.

ఈ వసంతంలో పక్క తోట ఆక్సెల్ పిలిచాడు.

"వదినా, మీ వెల్లుల్లి మా గులాబీల్లో కాపురం పెట్టింది!"

"మాది కాదు, పోవయ్యా," అంటూనే ఆమె వంగి ఆకు నలిపి వాసన చూసింది. ముఖం ఎర్రబడింది.

"పోనీలెండి, ఆకులు కోసి వెన్నలో కలుపుకు తింటా."

"నా మొక్క. నేనే తీస్తా."

మర్నాడు పొద్దున్నే పార, జల్లెడ పట్టుకొచ్చింది. గులాబీలను వేళ్లతో సహా లేపి, మట్టినంతా జల్లించి, చివరి గడ్డ దాకా ఏరి, ఆ గులాబీ మొక్కలను మళ్లీ నాటింది.