రెండు వంటిళ్ల నడుమ కంత

మా చిన్నప్పుడు... తమిళనాట కనకమ్మ సత్రం దగ్గర మా ఊళ్లో, మా వంటింటికీ చిన్నాయన వాళ్ల వంటింటికీ మధ్య ఒకటే గోడ. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు కట్టిన మట్టిగోడ. అందులో చెయ్యి పట్టేంత కంత ఒకటి ఉండేది. ఎలుక మొదలుపెట్టిన పనిని మా అమ్మా చిన్నమ్మా పూర్తిచేశారని నాన్న ఎగతాళి చేసేవాడు.

ఆ కంతలోంచి ఏమేం వెళ్లేవో... కరివేపాకు రెబ్బ, అగ్గిపెట్టె, ఉప్పు చూడమని గరిటెడు పులుసు. అన్నిటికంటే ఎక్కువ, కబుర్లు. పొయ్యి ముందు కూర్చుని గోడతో మాట్లాడి నవ్వే అమ్మని చూసి కొత్తవాళ్లు బిత్తరపోయేవాళ్లు.

ఒక ఎండాకాలం మోటారు నీళ్ల వంతు దగ్గర నాన్నకీ చిన్నాయనకీ మాటామాటా పెరిగింది. ఇకమీదట ఒకరి గడప ఒకరు తొక్కకూడదన్నారు. అన్నది మగవాళ్లు... అనుభవించింది ఆడవాళ్లు. అమ్మ పుట్టిల్లు పొన్నేరి అవతల ఎక్కడో. మా ఊళ్లో ఆమె మనసు విప్పి మాట్లాడే మనిషి చిన్నమ్మ ఒక్కతే. పాపం, ఇద్దరికీ ఆ కంతే మిగిలింది.

అదీ ఎన్నాళ్లో సాగలేదు. అన్నం తింటూ నాన్న తమ్ముణ్ని తిట్టిన తిట్లు కంతలోంచి అటు చేరాయి. అటు నుంచి అంతకు రెట్టింపు జవాబు వచ్చింది.

"ఈ కంతే గదా కొంపకి చేటు! ఈ పొద్దే మూసేస్తా" అని నాన్న చెయ్యి కడుక్కుని లేచాడు.

మన్ను కలపమని చెప్పింది ఎవరికి? అమ్మకే. ఏటా ఇంటి గోడలన్నీ మెత్తే చెయ్యి ఆమెది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, నీళ్లు పోసి పోసి మన్ను తొక్కింది.

నాన్న ఇటుక ముక్కలు పేర్చి, మన్ను ముద్దలు గట్టిగా అదిమాడు. అటువైపు దబ్బుమని చప్పుడు... వెంటనే చిన్నమ్మ కేక.

"అక్కా! పప్పుసట్టి నిండా మన్నే గదక్కా!"

చిన్నాయనకి ఒళ్లు మండి, పడిన మన్నంతా ఎత్తి ఇటు తోశాడు. నాన్న మళ్లీ అటు తోశాడు. ఇద్దరి మధ్యా మాట లేదు గానీ, మన్ను మాత్రం రాకపోకలు సాగిస్తోంది. నవ్వితే వీపు విమానం మోత మోగుతుందని నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

గోడ ఆ పక్కదాకా తెగిన కంత అది. అటు ఎవరో ఒకరు ఏదైనా అడ్డం పెట్టి పట్టుకుంటే గానీ మన్ను నిలవదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ముందు నోరు తెరిచేది ఎవరన్నదే చిక్కు.

చివరికి చిన్నాయన గొంతే వినిపించింది. "అన్నా, సుమ్మా ఊరికే ఎందుకు తోస్తాండావు? నేను పీట అడ్డం పెట్టి పట్టుకుంటా. అప్పుడు మెత్తు."

నాన్న ఇంకో మన్ను ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత... "గట్టిగా పట్టుకో."

"పట్టుకోనే ఉండాను."

"చెయ్యి జాగ్రత్తరా. ఇటుక తగులుతాది."

ఆ 'రా' వినగానే అమ్మ మన్ను తొక్కడం ఆపి నిలబడిపోయింది.

కంత పూడేకొద్దీ నాన్న గొంతు పెంచాల్సి వచ్చింది. అటు వినపడాలి కదా...

"చెనక్కాయ చేను తడిపినావా?"

"యాడ తడిపేది? వంతు నీదంటివే!"

"రేపు నువ్వే ఎత్తుకో పో. నాది ఎల్లుండైనా అవుతాది."

చివరి ముద్ద పెట్టి నున్నగా చేశాక, అటు ఎలా కుదిరిందోనని నాన్నకి అనుమానం వచ్చింది. మన్ను చేతులతోనే వీధిలోంచి చుట్టి చిన్నాయన ఇంట్లోకి వెళ్లాడు. గడప తొక్కుతున్న సంగతి గుర్తుందో లేదో మరి... ఆయన వెనకే అమ్మ, అమ్మ వెనకే నేను. చిన్నమ్మ అమ్మని పట్టుకుని ఏడ్చి, అందరూ తినిపోవాలని మళ్లీ పప్పుకి ఎసరు పెట్టింది.

ఏటా గోడలు మెత్తే మనిషివి, ఆ రోజు మొదట కలిపిన మన్ను అంత జారుగా ఎందుకు కలిపావని పెద్దయ్యాక అమ్మని అడిగాను. "సుమ్మా ఉండవే" అని నవ్వేసింది. నాకైతే ఇప్పటికీ అనుమానమే...

మొన్న తిరునిన్రవూరులో మా ఫ్లాట్‌లో పాత ఏసీ తీసేస్తే, హాలుకీ పడకగదికీ మధ్య గోడలో పైపు కంత మిగిలింది. పని చేసేందుకు వచ్చినాయన డబ్బాలోంచి ఏదో నురగ కొట్టాడు. అది ఉబ్బి, గట్టిపడి కూర్చుంది.

"అటుపక్క ఎవరన్నా పట్టుకోవాలా?" అని ఆశగా అడిగాను.

"అవసరం లేదు మేడం, అదే నిలస్తాది."

గోడకి అటు, పడకగదిలో మా ఆయన ఉన్నాడు. పొద్దున్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. పిలిచేందుకు ఒక వంక దొరుకుతుందనుకున్నాను... పని అయిపోయింది, ఎవరూ ఎవరినీ పిలవకుండానే.

అలిగిన మనుషుల చేత మాట్లాడించిన పని మీ ఇళ్లల్లో ఏదైనా ఉండేదా? ఉంటే కింద రాయండి... నాకిప్పుడు అవసరం.