బూడిదరంగు బాబాయ్

మా బాబాయ్ చేతిలో పడితే ఇంద్రధనుస్సుకైనా బూడిదరంగు తప్పదు. సొంత బాబాయ్ కాదు. ఆసుపత్రి రికార్డుల గదిలో నా పక్క బల్ల ఆయనది, ఆఫీసంతటికీ బాబాయే. లెక్కల్ని బొమ్మలుగా చూపించే కొత్త సాఫ్ట్‌వేర్ రాగానే, దాన్ని మాకు నేర్పడానికి ఒక టీచరమ్మను పెట్టారు. పాపం, బాబాయ్ సంగతి ఆమెకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఆమె వేయించినవి సరదా బొమ్మలేం కావు. ఇంటెన్సివ్ కేర్‌లో ఒక్కో మంచానికీ ఒక గడి. రోగి నిలకడగా ఉంటే ఆకుపచ్చ, విషమిస్తే ఎరుపు, పోతే నలుపు. లోపల నర్సు నమోదు చేయగానే మా తెరల మీద గడి దానంతటదే రంగు మారుతుంది. మా వార్డుకు ఆకుపచ్చ చుట్టపుచూపుగానే వచ్చేది.

బాబాయ్ తెర మీద మాత్రం గళ్ళన్నీ బూడిదే. ఉన్నవాళ్ళనీ పోయినవాళ్ళనీ ఒకే గాటన కట్టేశాడు. గుండ్రటి బొమ్మ వేయమంటే మూకుడు బోర్లించినట్టు వచ్చింది. ఎవరెలా ఉన్నారో గడి మూలన చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టుకుని, కళ్ళద్దాలు తెరకు ఆనించి చదువుకునేవాడు.

"తేడా తెలియడానికే కదండీ రంగులు?" అంది టీచరమ్మ.

"తెలియాల్సినవాళ్ళకి తెలుస్తుందిలే అమ్మా."

ఆమె రంగులు వేయడం, ఆమె అటు తిరగగానే ఈయన చెరిపేయడం. చూపులో లోపమేమోనని కంటి డాక్టరు దగ్గరికి పంపింది. చూపు భేషుగ్గా ఉందని చీటీ తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. చివరికి పరీక్ష పెట్టి, తప్పితే శవాల గదికి బదిలీ చేయిస్తానంది. బాబాయ్ బుద్ధిగా తలూపి మళ్ళీ బూడిదే వేశాడు.

ఆమె ఓపిక నశించింది. ఆయన్ను కుర్చీలోంచి లేపి, తనే కూర్చుని రంగులన్నీ వేసింది. అంతలోనే ఆరో గడి నల్లబడింది.

బాబాయ్ కుర్చీ వెనక్కి ఒక్క అంగ వేసి, రెండు చేతులూ బార్లా చాపి, ఆవులిస్తున్నట్టు నటిస్తూ అద్దాల గోడకు అడ్డంగా నిలబడిపోయాడు. నేను పక్కకు వంగి చూశాను. అద్దానికి అవతల వరండాలో బెంచీ మీద ఆరో మంచం కుర్రాడి అక్క కూర్చుని ఉంది. అక్కణ్ణుంచి చూస్తే ఎదురుగా కనిపించేది బాబాయ్ తెర ఒక్కటే.

టీచరమ్మ ముఖం పాలిపోయింది. తెర ఆపేయనా అంది.

"ఆపితే అదీ నల్లగానే ఉంటుందమ్మా. బూడిద వేసెయ్."

ఆమె గబగబా వేసింది. ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. అద్దానికి కర్టెన్ వేయించమని పైవాళ్ళని అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నారట.

"ఆ మాట డాక్టరుగారు పక్కన కూర్చుని చెప్పాలి. గడి చెప్పకూడదు," అన్నాడు.

డాక్టరు వచ్చి, బెంచీ మీద కూర్చుని, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఏడుపు అద్దం దాటి వినిపించింది.

కాసేపటికి బాబాయ్ చేతులు దించబోతే దిగలేదు. భుజాలు పట్టేశాయి. టీచరమ్మ ఒకవైపు, నేనొకవైపు మర్దన చేసి ఎలాగో దించాం. ఆయన తెర వంక చూసి పెదవి విరిచాడు.

"మరీ ముదురు వేశావమ్మా. చూసేవాళ్ళకి దిగులు పుడుతుంది."

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఎంత లేత వెయ్యమంటారు బాబాయ్?"

బెంచీ మీద ఇంకా మనుషులున్నారు. బాబాయ్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, బూడిదలన్నీ ఒక్కొక్కటిగా చూపించమన్నాడు.