రెండు ముక్కలైన రికార్డు

వినని పాటను దొంగపాట అని మీరెన్నిసార్లు తీర్పు చెప్పారు? నేను ఒకసారి చెప్పాను.

అరవైల చివరి మాట. తమిళనాట హరూర్ నుంచి ధర్మపురి వెళ్లే బస్సులో ఇద్దరు యువకులు ఒక కొత్త తమిళ సినిమా పాట గురించి గొడవ పడుతున్నారు.

"మా మ్యూజిక్ డైరెక్టరు సొంతంగా కట్టిన మెట్టురా అది!"

"సొంతమా? హిందీ పాటకు పంచె కట్టినాడు, అంతే!"

మొదటివాడు రెండోవాడి కాలరు పట్టుకుని నా వైపు తిరిగాడు. "సార్, మీరే చెప్పండి."

"దొంగతనమే," అన్నాను గట్టిగా. ఆ సంగతి ఏదో పత్రికలో చదివాను.

నా పక్కన ఒళ్లో రేకుపెట్టెతో ఒకాయన కూర్చున్నాడు. పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టేవాడట.

"రెండు పాటలూ విన్నారా సామీ?" అని నన్ను అడిగాడు.

"లేదు."

"నా దగ్గర రెండూ ఉండాయి. సాయంత్రం పెళ్లి పందిట్లో పెడతాను, వచ్చి వినండి." పెట్టె తెరిచి హిందీ పాట గ్రామఫోన్ రికార్డు చూపించాడు.

నా తీర్పుతో మండిపోతున్న ఆ మ్యూజిక్ డైరెక్టరు అభిమాని దాన్ని లాగాడు. ఆయన వదల్లేదు. రికార్డు రెండు ముక్కలైంది.

ఆయన వాణ్ణి తిట్టలేదు. ముక్కలను పెట్టెలో సర్దుకుంటూ నాతో అన్నాడు:

"ఇంక మీ మాటే మిగిలింది సామీ."

నాస్తిక సభల్లో వేదికలెక్కి దేవుడికే రుజువు అడిగేవాణ్ణి నేను. ఒక పాటకు అడగలేదు.

దొంగ అనే ముందు రెండూ వినండి. వినకపోతే నోరు మూసుకోండి.